ఆయిల్ పోతే విమానం పడిపోతుందా?

2024 అక్టోబర్ 11 సాయంత్రం తిరుచ్చి నుంచి షార్జా బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో హైడ్రాలిక్స్ మొరాయించాయి. ప్రయాణికులు 141 మంది. రెండున్నర గంటలు ఆకాశంలోనే చక్కర్లు కొట్టి, ఇంధనం తగ్గించుకుని, తిరుచ్చిలోనే క్షేమంగా దిగింది. మర్నాడు దసరా. మా కురవిలో నా చేతిలో జమ్మి పెట్టిన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న: "ఆయిల్ పోయినంక విమానం పడిపోదా కాకా?"

వైమానిక దళంలో విమానాల పొట్ట కింద దూరి ఆయిల్ గొట్టాలు బాగుచేసినవాణ్ణి. అందుకే గట్టిగా చెప్తున్నా: చిన్న జెట్ అయితే పడిపోదు.

ట్రాక్టర్ ట్రాలీని లేపే హైడ్రాలిక్ శక్తే విమానం చక్రాలనూ కదిలిస్తుంది. పంపు ఆయిల్‌ను తోస్తుంది, ఆ ఒత్తిడికి పిస్టన్ కదులుతుంది. పెద్ద విమానాల్లో రెక్కల మీదా తోక మీదా ఉండే పలకలు తిప్పేదీ అదే. 1989 జూలైలో అమెరికాలో యునైటెడ్ 232 విమానానికి మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఒక్కసారే పోయాయి. 296 మందిలో 112 మంది చనిపోయారు. సైటేషన్ లాంటి చిన్న జెట్లలో ఆ పలకలను పైలట్ చేతి బలంతో ఉక్కు తీగలే లాగుతాయి. గాలిలో ఉన్నంతసేపు విమానం మాట వింటుంది. గండమల్లా నేల మీదే.

కాబట్టి హెచ్చరిక దీపం వెలగ్గానే ఆదరాబాదరాగా దిగడమే అసలు ప్రమాదం. ఒకరు విమానం నడపాలి, ఇంకొకరు చెక్‌లిస్ట్ చదవాలి. టవర్‌కు చెప్పి, దగ్గరున్న రన్‌వే కాదు, పొడుగున్న రన్‌వే అడగాలి. మా పక్కనున్న మామునూరు పాత రన్‌వే పైనుంచి ఎంత ఊరించినా శంషాబాద్‌కే పోవాలి. అక్కడ 4,260 మీటర్లుంది, ఫైరింజన్లుంటాయి.

చక్రాలు దించడానికి ఆయిల్ అక్కర్లేని దారి ఉంది. హ్యాండిల్ లాగితే తాళాలు విడిపోయి చక్రాలు తమ బరువుకే జారతాయి. సీసాలో దట్టించిన నైట్రోజన్ వాటిని కిందికి తోసి బిగిస్తుంది. చక్రాలు బిగిశాయని చెప్పే మూడు పచ్చ దీపాలూ వెలగాలి. అట్లా దించాక మళ్లీ పైకి రావు. ఆ చక్రాలతో ఇంకో ఊరికి పోదామంటే గాలి అడ్డుకుంటుంది, ఇంధనం తాగేస్తుంది.

ఇక బ్రేకు. ఎమర్జెన్సీ బ్రేకుకూ ఆ నైట్రోజనే ఆధారం. లివర్‌ను మెల్లగా లాగి అట్లాగే పట్టుకోవాలి. మోటార్‌సైకిల్ అలవాటుతో వదిలి పట్టి, వదిలి పట్టి చేస్తే ప్రతిసారీ కొంత వాయువు బయటికి పోతుంది. సీసా ఖాళీ అయితే ఆపే దిక్కుండదు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే యాంటీ-స్కిడ్ కూడా పనిచేయదు గనుక, ఒక్కసారి గుంజితే టైరు పేలుతుంది.

ఆగాక పార్కింగ్ దాకా నడపకూడదు, రన్‌వే మీదే ఉంచాలి. అక్కణ్ణుంచి మావాళ్ల పని. కాలుతున్న చక్రం పగిలితే ముక్కలు పక్కలకు ఎగురుతాయి, అందుకే ముందు నుంచో వెనక నుంచో దగ్గరికి పోయి, చక్రాలు ముడుచుకోకుండా ఎర్ర రిబ్బన్ల పిన్నులు గుచ్చుతారు. తర్వాత లాగుడు బండి వస్తుంది. షెడ్డులో పొట్ట కింద ఆయిల్ చారను గుడ్డతో తుడుస్తూ ముందుకు పోతే, పగిలిన పైపో వదులైన నట్టో దొరుకుతుంది.