ఏ తీగ ముందు పీకాలి?

పిల్లలూ! పాడి ఉన్న ఇళ్లలో పుట్టినవారు మీలో చాలామందే ఉంటారు. ఒక ఆవుకు గాలికుంటు తగిలితే పెద్దవాళ్లు మొదట ఏం చేస్తారు? దాన్ని విప్పి, మందకు దూరంగా కట్టేస్తారు. మందూ మాకూ ఆ తరువాతే. కార్యాలయాల్లో కంప్యూటర్ల మందను కాసే నెట్‌వర్క్ నిర్వాహకులు చేసేదీ ఇదే. అయితే ఒక్కోసారి ఏ కట్టు విప్పాలన్న దగ్గరే చిక్కు వస్తుంది.

2017 మే 12న ‘వన్నాక్రై’ అనే పురుగు ప్రోగ్రాం ప్రపంచం మీద పడింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. మన రాష్ట్రంలో చిత్తూరుతో సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడ్డాయి. తిరుపతి అప్పటికి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. తెర మీద ఎర్రటి ప్రకటన వచ్చింది: మీ దస్త్రాలకు తాళం వేశాం, 300 డాలర్లు కడితే తీస్తాం! మూడు రోజులు దాటితే 600. పోలీసులకే బెదిరింపు చీటీ, చూశారా! డబ్బు కట్టినా లాభం తక్కువే. ఎవరు కట్టారో గుర్తుపట్టే ఏర్పాటు ఆ దొంగల దగ్గరే సరిగా లేదు.

ఒకే కార్యాలయంలోని కంప్యూటర్లు దస్త్రాలు పంచుకోవడానికి 445 అనే నంబరు గల ద్వారం వాడతాయి. విండోస్‌లో ఆ ద్వారం దగ్గర ఒక లోపం ఉండేది. ఎవరూ ఏ మీటా నొక్కకపోయినా పురుగు అందులోంచి పక్క కంప్యూటరులోకి దూరిపోయేది. ఆ లోపానికి మరమ్మతును మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసింది. వేసుకోనివారు వేసుకోలేదు.

ఇక అసలు చిక్కు. ఈ పురుగు పని మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్‌లో ఒక పొడవాటి, అర్థంలేని చిరునామాను పలకరిస్తుంది. జవాబు వస్తే ఏమీ చేయకుండా ఆగిపోతుంది. రాకపోతే విజృంభిస్తుంది. ఇంగ్లండుకు చెందిన 22 ఏళ్ల మార్కస్ హచిన్స్ ఆ చిరునామా ఎవరి పేరిటా లేదని గమనించి, పది డాలర్ల పైచిలుకుతో నమోదు చేశాడు. దానితో పురుగు జోరు తగ్గింది.

ఇప్పుడు ఆలోచించండి. మీ కార్యాలయంలో 20 కంప్యూటర్లున్నాయి, ఒకదానిలో పురుగు ఉంది. కంగారులో బయటి ఇంటర్నెట్ తీగ ఒక్కటే పీకేస్తే ఏమవుతుంది? పురుగుకు జవాబు రాదు. లోపలి తీగలు మాత్రం అలాగే ఉన్నాయి! మిగిలిన 19కీ దారి తెరిచి ఉన్నట్లే. అనుమానాస్పదమైన చిరునామా కదా అని దాన్ని అడ్డుకున్నా ఫలితం అదే. అందుకే అడ్డుకోవద్దని నిపుణులు ప్రత్యేకంగా హెచ్చరించవలసి వచ్చింది.

ముందు తెంపవలసినవి లోపలి తీగలు. అన్ని తీగలూ కలిసే స్విచ్చి పెట్టె కరెంటు ఆపేస్తే ఒక్క క్షణంలో పని అయిపోతుంది. తరువాత ఒక్కొక్క కంప్యూటరుకూ విడిగా మరమ్మతు వేసి, మళ్లీ కలుపుకోవాలి. తాళం పడినదాన్ని పూర్తిగా తుడిచి, దాచిన నకలు నుంచి దస్త్రాలు తెచ్చుకోవాలి. ఆ నకలు ఉన్న డిస్కు కంప్యూటరుకు తగిలించే ఉంటే దానికీ తాళం పడుతుంది సుమా!

బయటి లైను అసలే లేని కార్యాలయాలకు ఒక ఉపాయం ఉంది. లోపలే ఒక కంప్యూటరుకు ఆ వింత పేరు పెట్టి, పురుగు పలకరిస్తే బదులిచ్చేలా కూర్చోబెట్టవచ్చు.