గాయపడిన మొక్క చేయు ఆత్మరక్షణ

తెలంగాణమునుండి వచ్చిన కామాటి శ్రామికుల పేరనే బొంబాయిలోని కామాటిపురా వెలసినదని మనమెరుగుదుము. చాళ్ళలో స్థిరపడిన మన కుటుంబములలో పలువురి బంధువులు నేటికిని స్వగ్రామములలో సేద్యముపైననే ఆధారపడియున్నారు. 1997-98లో వరంగల్లు ప్రాంతమున పురుగు తాకిడికి పత్తిపంట నాశనమైనది. ఎన్నిమార్లు మందు చల్లినను పురుగు చావలేదు. అప్పులు తీర్చలేక పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. కావున, పురుగు కొరికినపుడు మొక్క తన్ను తాను ఎట్లు కాపాడుకొనునో తెలిసికొనుట మనకు కేవలము వినోదము కాదు.

ఆకు నలిగినచోట కణములు చిట్లి, గ్లూటమేట్ అను అమైనో ఆమ్లము వెలికి వచ్చును. అది సోకిన పొరుగు కణములలోనికి కాల్షియం ప్రవేశించును. ఈ కాల్షియం అల సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు వేగముతో దూరపు ఆకులకు ప్రాకునని 2018లో ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్కయందు శాస్త్రజ్ఞులు కంటికి కనబడునట్లు చూపిరి.

వార్త చేరిన ఆకులలో ఒక కొవ్వు ఆమ్లమునుండి జాస్మోనిక్ ఆమ్లము తయారగును. దీనికి సంబంధించిన పదార్థము 1962లో జాజిపూల తైలమున కనుగొనబడుటచే ఈ పేరు కలిగినది. సామాన్యముగా కొన్ని మాంసకృత్తులు రక్షణకు సంబంధించిన జీనులను పనిచేయనీయక అణచియుంచును. జాస్మోనిక్ ఆమ్లము ఐసోలూసిన్‌తో కూడినపుడు ఆ అడ్డు తొలగి, జీనులు పనికి పూనుకొనును.

ఫలితమేమి? 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ రయన్, తన సహచరునితో కలిసి, పురుగు తిన్న టమాటా మొక్కలలో జీర్ణరసములను అడ్డగించు మాంసకృత్తులు త్వరగా పెరుగునని, పురుగు తాకని ఆకులలో సైతము అవి చేరునని కనుగొనెను. ఆ ఆకు తిన్న పురుగునకు తిండి సరిగా అరుగదు, ఎదుగుదల మందగించును.

మన మిరపలోను ఇట్టి మాంసకృత్తులు కలవు. అవి శనగపచ్చ పురుగు ఎదుగుదలను తగ్గించునని పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల పరిశోధకులు చూపిరి. అయితే పురుగు సహితము వేరు రకపు జీర్ణరసములను తయారుచేసికొని తప్పించుకొనగలదు. మొక్కయు రక్షణకై వెచ్చించిన శక్తిమేరకు పెరుగుదలను కోల్పోవును. కాబట్టి ఈ సహజశక్తి సర్వరోగనివారిణి కాదు. అయినను దానిని గుర్తెరిగి, ఆ శక్తి అధికముగాగల వంగడములను ఎంచుకొని, మందును అవసరమైనపుడే చల్లినచో రైతునకు ఖర్చును, పొలమునకు విషమును తగ్గును.