తిత్లీ ఖాళీ చేసిన నేలలో జీడి అంటు నిలబెట్టడం ఎలా?

వీడియోలో మీరు చూసిన ఇసుక బయలు ఒకప్పుడు జీడి తోటే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు తాతల నాటి జీడి, కొబ్బరి, పనస వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ ఖాళీల్లో మళ్లీ నాటేవాళ్లు ముందుగా అడిగేది "ఏ రకం వెయ్యాలి?" అని. బి.పి.పి.-8 బాగుంది, వెయ్యండి. కానీ అడ్డూ నీడా లేని బయల్లో మొక్క నిలిచేదీ లేనిదీ రకం కంటే వేరు మీద, గాలి మీద ఆధారపడి ఉంటుంది.

నా మొదటి విడత అలాగే పోయింది. కవర్లలో ఎక్కువకాలం ఉండిపోయిన అంటులు చౌకగా వస్తున్నాయని తెచ్చాను. పైకి పచ్చగానే ఉన్నాయి. మూడో ఏడు మామూలు వాయుగుండానికే పక్కకి ఒరిగిపోయాయి. పీకి చూస్తే తల్లివేరు కవరు అడుగున చుట్ట చుట్టుకుని అలాగే ఉంది, కిందికి దిగనే లేదు. మూడేళ్లు వృథా. ఇప్పుడు కొనేముందు ఒక కవరు చింపి చూస్తాను. నర్సరీవాళ్లకి కోపం వస్తే ఆ మొక్క డబ్బు ఇచ్చేస్తా.

జీడికంటే ముందు సరుగుడు వెయ్యండి. సముద్రం వైపు రెండు మూడు వరుసలు, ఒక వరుస సందులో ఇంకో వరుస మొక్క వచ్చేలా. మరీ గోడలా చిక్కగా వద్దు. గాలిని పూర్తిగా అడ్డుకుంటే అది పైనుంచి దూకి వెనక సుడి తిరుగుతుంది, కొంత దూరి పోవాలి. సరుగుడు వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, అందుకే ఇసుకలోనూ తొందరగా లేస్తుంది. జీడికి కనీసం 20 అడుగులు ఎడం ఉంచండి, లేకపోతే నీళ్లకి పోటీ. తిత్లీ అంత గాలిని ఇది ఆపుతుందని నేను చెప్పను. ఏటా కొట్టే ఉప్పుగాలికి మాత్రం పనికొస్తుంది.

గుంతలు 25 అడుగులకొకటి, రెండేసి అడుగులు. ఎకరాకు 70 దాకా పడతాయి. మన దగ్గర కొబ్బరి డొక్కలకి కొదవ లేదు కదా, అడుగున లోపలి వైపు పైకి వచ్చేలా పరవండి, తేమ పట్టి ఉంచుతాయి. పైన మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ఘనజీవామృతం, కాస్త వేపపిండి. పచ్చి పేడ వేశారో చెదలే.

జూలైలో వాన పట్టగానే నాటితే అక్టోబర్ తుఫాన్ల నాటికి వేరు పట్టుకుంటుంది. అంటు కట్టిన చోటు నేలకి రెండంగుళాలు పైన ఉండాలి. దాని కింద వచ్చే చిగుళ్లు నాటు మొక్కవి, గిల్లేయండి. ఊతకర్రకి ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. బిగించి కట్టొద్దు, కాండం కాస్త ఊగితేనే లావెక్కుతుంది. మొదటి రెండేళ్లు పూత వచ్చినా తుంచేయాలి. నాకూ చెయ్యి రాలేదు, కానీ తప్పదు.

చాలా మొక్కలు పోయేది మొదటి వేసవిలోనే. పాదులో ఎండుటాకు జానెడు మందం కప్పండి, కాండానికి మాత్రం తగలనివ్వొద్దు. వానలకి ముందే నవధాన్యాలు చల్లి, తర్వాత ఉలవలు వేస్తే నేల బోడిగా ఉండదు. నెలకోసారి ఎకరాకు 200 లీటర్ల జీవామృతం పాదుల్లో పోస్తున్నాను. ఎండిపోయిన చోట వచ్చే వానలకే మళ్లీ నాటండి. ఆలస్యమైతే పక్క చెట్ల నీడలో కొత్తది లేవదు.