హైలిగెన్‌స్టాట్ లేఖ: కీర్తి, వ్యాధి, ఆత్మకథనం

కళాకారుడు తన విజయాలను గూర్చి వ్రాసుకొనుటకు సాధారణంగా జంకడు. తన శరీరాన్ని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడే అతని కలం తడబడుతుంది. ఈ చిక్కు స్వరూపమెట్టిదో జర్మన్ స్వరకర్త బీథోవెన్ 1802 అక్టోబరు 6వ తేదీన వ్రాసిన లేఖలో స్పష్టంగా కనిపిస్తుంది. వియన్నా సమీపాన హైలిగెన్‌స్టాట్ గ్రామంలో తన ఇద్దరు తమ్ముల నుద్దేశించి వ్రాసిన ఈ లేఖను ఆయన పంపనేలేదు. 1827లో ఆయన మరణించిన పిదప కాగితాలలో దొరికింది.

అప్పటికాయన వయస్సు 31 ఏండ్లు. వియన్నాలో పియానో విద్వాంసుడుగా, స్వరకర్తగా పేరు మారుమ్రోగుతున్నది. వినికిడి మాత్రం కొన్నేండ్లుగా సన్నగిల్లుతున్నది. చెవి మందగించిన సామాన్యుడు "కొంచెం గట్టిగా చెప్పండి" అని అడుగగలడు. సంగీత విద్వాంసుడు ఏ నోటితో అడుగుతాడు? అందుచేత ఆయన గోష్ఠులు మానుకొన్నాడు. లోకం ఆయనను మొండివాడనీ, మనుష్యద్వేషి అనీ తలచింది. కీర్తి వ్యాధిని దాచమన్నది. దాచిన వ్యాధి దుర్గుణంగా కనిపించింది. లేఖలోని ఆవేదన కంతటికీ మూలమిదే. ప్రక్కనున్నవానికి దూరాన వేణునాదం వినవచ్చుచుండగా తనకేమీ వినిపించకపోవుటను ఆయన అవమానంగా చెప్పుకొన్నాడు. చావును కోరిన మనస్సును కళయే ఆపినదని కూడా ఒప్పుకొన్నాడు.

ఈ రచనను పాశ్చాత్యులు మరణశాసనమని వ్యవహరిస్తారు. అనువాదకునికి ఇక్కడ ఒక ఇబ్బంది కలదు. "వీలునామా" అంటే ఆస్తి పంపకమే స్ఫురిస్తుంది. "మరణశాసనం" అంటే నేటి పాఠకునికి ఉరిశిక్ష ధ్వనిస్తుంది. తమ్ములను వారసులుగా పేర్కొన్నమాట నిజమే. కాని ఆయన ముఖ్యంగా కోరినది తన్ను అర్థం చేసుకొమ్మని. కనుక "లేఖ" అనుటయే మేలని నా అభిప్రాయం.

తన మరణానంతరం వ్యాధిని వర్ణించి లోకానికి తెలుపవలసినదిగా ష్మిట్ అనే వైద్యుని అడుగుమని ఆయన తమ్ములను కోరాడు. ఆ వైద్యుడు 1809లోనే గతించాడు. 2023లో శాస్త్రజ్ఞులు బీథోవెన్ కేశాల నుండి జన్యుపరీక్ష జరిపి, కాలేయవ్యాధికి అనువైన లక్షణాలను, హెపటైటిస్-బి సోకిన జాడను కనుగొన్నారు. చెవుడుకు కారణం మాత్రం దొరకలేదు. వైద్యం చెప్పలేనిదానిని లేఖయే చెప్పింది.

1824లో తొమ్మిదవ సింఫనీ ప్రదర్శింపబడినాటికి ఆయనకు దాదాపు ఏమీ వినబడదు. దీనినిబట్టి వ్యాధిని జయించిన వీరగాథ అల్లుట సులభం. కాని లేఖలో వ్యాధి ఓడిపోలేదు; నాలుగు దినాల తరువాత చేర్చిన వాక్యాలలో నయమగునన్న ఆశను కూడా ఆయన వదలుకొన్నాడు. ఆశ లేకుండా ఆపైన 24 ఏండ్లు పని చేయుట ఎట్టిదో చెప్పగలిగితే, మన ఆత్మకథలలో రోగం గొప్పతనానికి అలంకారంగా గాక జీవితభాగంగా నిలుస్తుంది.