ముందు డబ్బాలు కొలవండి, తర్వాతే అలమరలు

వంటింటికి అలమరలు చేయించదలచినవారికి నా మనవి ఒక్కటే. మైకా రంగులు ఎంచేముందు ఇంట్లో ఉన్న సామాను కొలుచుకోండి.

బ్యాంకులో జమాఖర్చులు చూసే అలవాటు కొద్దీ బెంగళూరులోని మా ఇంటికి నేనొక పట్టీ వేశాను. రోజూ వాడే పోపులపెట్టె, పప్పుల డబ్బాలు చేతికందే ఎత్తులో. బియ్యం, కుక్కర్ల వంటి బరువులు గట్టు కింద. పండగ గుండిగలు అటక మీద.

పై అలమరకు 12 అంగుళాల లోతు చాలు. ఎక్కువైతే వెనకున్న డబ్బా కనబడక అదే సరుకు మళ్ళీ కొంటాం. సింకు దగ్గర తడికి ఆగే ఐ.ఎస్. 710 రకం ప్లైవుడ్ వాడాలి. గ్యాసు గాలికన్నా బరువు. అందుకే సిలిండరు అరకు నేలమట్టాన గాలి కన్నాలు తప్పనిసరి.

పట్టీ చూసి మా అమ్మ అడిగింది, "ఒరే, ఆవకాయ జాడీ ఏదిరా?" దాని ఎత్తు 14 అంగుళాలు, అరల ఎడం 12. వడ్రంగి చేత ఒక అర తీయించాను.

పొరుగు రాష్ట్రంలో తరాలుగా ఉంటున్న మనకు ఇది చిన్న విషయం కాదు. జాడీకి చోటు లేని ఇంట్లో ఆవకాయ పెట్టడం మానేస్తారు. పిల్లలకు దాని రుచి సీసాలోనే తెలుస్తుంది.