పాతాళానికి దారి వేసిన పాత సిద్ధాంతం: జూల్ వెర్న్ నవల - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

పూర్వపు సాహస నవలల్లోని విజ్ఞానం నేటి పాఠకునికి పొరపాట్ల పుట్టగా కనిపించవచ్చు. అయితే ఆ పొరపాట్లన్నీ ఒక కోవకు చెందవు. రచనాకాలానికే పలువురు శాస్త్రజ్ఞులు పక్కన పెట్టిన సిద్ధాంతం వేరు; నాడు చర్చలో నిలిచి, తరువాతి కాలం తోసిపుచ్చిన విషయం వేరు. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1864లో ప్రచురించిన 'భూకేంద్రానికి ప్రయాణం' నవలలో ఈ రెండూ ఉన్నాయి. వాటిని విడదీసి చూడటం ఈ వ్యాస లక్ష్యం.

డేవీ సిద్ధాంతం - కథావసరం:

గనుల్లో లోతుకు దిగేకొద్దీ వేడి పెరగటాన్ని బట్టి భూగర్భం మహోష్ణమయమన్న అభిప్రాయం 19వ శతాబ్ది ప్రథమార్ధంలోనే బలపడింది. నవలలో ఈ వాదం యువకుడైన ఆక్సెల్‌ది. సుమారు 70 అడుగులకు ఒక డిగ్రీ చొప్పున వేడి పెరుగుతుంది కనుక ప్రయాణం అసాధ్యమని అతడంటాడు. ప్రొఫెసర్ లీడెన్‌బ్రాక్ సమాధానం హంఫ్రీ డేవీ సిద్ధాంతం. 1807లో సోడియం, పొటాషియం మూలకాలను వేరుచేసిన ఈ రసాయనవేత్త, అటువంటి లోహాలకు నీరు, గాలి సోకి మండటమే అగ్నిపర్వతాలకు కారణమని ఊహించాడు. 1825లో డేవీ తనను కలిసి ఈ విషయం చర్చించాడని ప్రొఫెసర్ చెబుతాడు. వాస్తవంలో డేవీ 1828 నాటి వ్యాసంలో, భూగర్భం ద్రవమయమన్న ఊహే మరింత సరళమైన వివరణ అని అంగీకరించాడు. కథాకాలం 1863. అంటే ప్రతిపాదకుడే సడలించుకున్న సిద్ధాంతాన్ని ప్రొఫెసర్ ఇంకా పట్టుకొని ఉన్నాడు.

ఇది రచయిత అజ్ఞానం కాదు. భూగర్భం చల్లగా ఉంటేనే కథ సాగుతుంది. అందుకే పాత్రలు దిగేకొద్దీ ఉష్ణమాపకం పెద్దగా పెరగదు. కానీ చివరకు వారిని స్ట్రాంబోలి ముఖద్వారం గుండా పైకి విసిరేది లావాయే. ఆ తరువాతా ఆక్సెల్ తన నమ్మకాన్ని వదులుకోడు. వివాదం తీర్పు లేకుండానే ముగుస్తుంది.

దవడ ఎముక - నాటి తాజా వార్త:

1867 నాటి విస్తృత ప్రతిలో చేరిన మానవ శిలాజాల ఘట్టం ఇందుకు భిన్నం. 1863 మార్చిలో అబ్‌వీల్ సమీపాన దొరికిన దవడ ఎముకను బూషే ద పెర్త్ ప్రాచీన మానవునిదిగా ప్రకటించాడు. ఫ్రెంచి పండితులు పలువురు సమర్థించగా, ఆంగ్లేయులు కొందరు శంకించారు. అది కూలీలు పాతిపెట్టినదని తరువాత భావించారు. నవల దానిని నిజమనే స్వీకరిస్తుంది. ఇక్కడ ఆక్సెల్ వంటి ప్రతివాది లేడు.

ముగింపు:

కనుక ఇటువంటి రచనలను పరిశోధించేవారు నేటి శాస్త్రంతో పోల్చి తప్పులు లెక్కించటం చాలదు. ఆ భావన రచనాకాలంలో ఏ స్థితిలో ఉంది, ఏ పాత్ర నోట వెలువడింది, ఎదురు ప్రశ్న ఎవరైనా వేశారా అన్నవి ముందుగా తేల్చుకోవాలి.