తండ్రికి చెప్పేవారేరీ?

తొలి కాన్పు పుట్టింటనే ఆనవాయితీ. మూడో నెలో, ఐదో నెలో బిడ్డ ఇల్లు చేరేదాకా తండ్రిది చుట్టపుచూపే. ఆ తరువాతైనా అంగన్‌వాడీ సలహాలకు, బుధ, శనివారాల టీకాలకు పిలుపు తల్లికే. అవన్నీ పగటిపూట, తండ్రి పనిలో ఉంటాడాయె!

ప్రభుత్వోద్యోగులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2005లో 15 రోజుల పితృత్వ సెలవు మంజూరు చేసింది. కూలీకి, ఆటోడ్రైవరుకు ఆ భాగ్యం లేదు. పని మానితే పొయ్యి వెలగదు.

తల్లి నాట్లకు పోయి, తనకు పని దొరకని రోజున బిడ్డ దగ్గర ఉండేది తండ్రే. విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ మొత్తం కలిపి కొద్దికొద్దిగా పట్టాలని ఆయనకెవరు చెప్పారు? దీపాలు పెట్టాక రచ్చబండ వద్ద నెలకొక గంట ఇలాంటివి చెప్పిస్తే తండ్రులు రాకపోరు. పేకాటకు వస్తున్నవారే కదా!